ఈసీజీ నార్మలే, మరి ఆ దడ ఏమిటి?

నలభై ఏళ్ల ఆవిడ. సాయంత్రం వంటింట్లో పోపు వేస్తుండగా, స్విచ్ వేసినట్టు గుండె ఒక్కసారిగా పరుగు అందుకుంటుంది. మెడలో ఏదో టకటకా కొట్టుకుంటుంది. కాళ్లు తేలిపోతాయి. ఇంట్లోవాళ్లు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తారు, గ్యాసేమో అని ఒకరు సోడా తెస్తారు. ఆటో ఎక్కించి ఆసుపత్రికి చేర్చేసరికి ఆ దడ వచ్చినట్టే టక్కున ఆగిపోతుంది. ఈసీజీ తీస్తే నార్మల్. ‘‘టెన్షన్ తగ్గించుకోండమ్మా’’ అని పంపేస్తారు. రెండేళ్లలో ఇలా అరడజను సార్లు జరుగుతుంది, అన్ని ఈసీజీలూ నార్మలే. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో చెప్పడం కూడా మానేస్తుంది.

గుండె లయ జబ్బులు చూసే ఏ డాక్టర్‌కైనా ఇది బాగా తెలిసిన కథే. పేర్లు మారతాయి, వంటింటి బదులు బస్సో ఆఫీసో ఉంటుంది, అంతే. ఇందులో ఈసీజీ తప్పేం లేదు. మామూలు ఈసీజీ కాగితం మీద కనిపించేది పది సెకన్ల గుండె మాత్రమే. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకునే గుండె నుంచి ఓ డజను దెబ్బల్ని ఏరి చూస్తున్నామన్నమాట. రాత్రి వీధిలో దొంగలు పడ్డారని ఫిర్యాదు చేస్తే, పగలు పన్నెండింటికి వచ్చి వీధి ఫొటో తీసి ‘ఇక్కడెవరూ లేరే’ అన్నట్టు ఉంటుంది.

అందుకే అనుభవమున్న డాక్టర్ ముందు కాగితం చూడడు, ప్రశ్నలు వేస్తాడు. దడ మెల్లగా ఎక్కిందా, టక్కున వచ్చిందా? ఎలా ఆగింది? అప్పుడు మీరేం చేస్తున్నారు? కంగారు వల్ల వచ్చే దడ మెట్లెక్కినట్టు పెరిగి, మెట్లు దిగినట్టు తగ్గుతుంది. గుండెలోని కరెంటు దారి తప్పితే వచ్చే దడ చాలాసార్లు స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ ఆపినట్టు పోతుంది. వినడానికి వింతగా ఉండే ప్రశ్న ఇంకొకటి ఉంది: దడ వచ్చినప్పుడు మూత్రం మామూలు కంటే చాలా ఎక్కువగా వచ్చిందా? గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు పై గదుల గోడలు సాగి, నీటిని బయటికి పంపమని కిడ్నీలకు చెప్పే హార్మోన్ ఒకటి విడుదల చేస్తాయి. ‘అవునండీ, రెండు మూడుసార్లు బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది’ అని పేషెంట్ అంటే డాక్టర్ చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ఇక దడను అది జరుగుతుండగానే పట్టుకోవాలి. దీనికి 1940లలో అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ దారి చూపించాడు. ఆయన డాక్టర్ కాదు, భౌతిక శాస్త్రవేత్త. మనిషి తిరుగుతుండగానే ఈసీజీ రికార్డు చేసేలా ఆయన తయారు చేసిన మొదటి పరికరం దాదాపు 38 కిలోల బరువు. ఓ సిమెంటు బస్తాకి కాస్త తక్కువ. దాన్ని వీపుకి కట్టుకుని తిరగాలి! ఈనాటి హోల్టర్ అగ్గిపెట్టెలా జేబులో పడుతుంది. అయితే 24 గంటల హోల్టర్‌తో దొరకాలంటే దడ రోజూ రావాలి. నెలకోసారి వచ్చేవాళ్లకు వారాల తరబడి అంటించుకునే ప్యాచ్‌లు ఉన్నాయి. ఏడాదికోసారి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకు ఛాతీ చర్మం కింద పెట్టే చిన్న లూప్ రికార్డర్ ఉంది. పెన్ను మూతంత కూడా ఉండదు, మూడేళ్లదాకా కాపలా కాస్తుంది. ఈసీజీ తీసే చేతి గడియారాలు ఇప్పుడు మనవాళ్ల చేతుల మీదా కనిపిస్తున్నాయి. అనవసరమైన భయాలు కూడా అవే పుట్టిస్తున్నాయి, నిజమే. కానీ దడ వచ్చిన క్షణంలో వేలు ఆనించి తీసిన ముప్ఫై సెకన్ల గీత, తర్వాత తీసిన పది నార్మల్ ఈసీజీల కంటే విలువైనది.

ఇంతలా ఎందుకు వెంటపడాలంటే, దడకు మందు అంటూ ఒకటి లేదు. ఏ దడ అన్నదాన్ని బట్టే మందు. ఒకరిని నిమిషంలో లేపి కూర్చోబెట్టే ఇంజెక్షన్ పక్క మంచం మీది పేషెంట్ ప్రాణం తీయగలదు.

గానుగెద్దు దడ

మన గుండెలో కరెంటు కుడివైపు పై గదిలో ఉన్న సైనస్ నోడ్ అనే చోట పుడుతుంది. పై గదులన్నీ పాకి, కింది గదుల్లోకి దిగాలంటే ఒకే ఒక్క గేటు ఉంటుంది. దాని పేరు ఏవీ నోడ్. 1906లో జర్మనీలో పనిచేస్తూ జపాన్ వైద్యుడు సునావో తవారా ఈ గేటును కనిపెట్టాడు. తమాషా ఏమిటంటే, కరెంటు పుట్టే చోటు కంటే కరెంటు ఆగే గేటే ముందు దొరికింది. సైనస్ నోడ్ ఆ మరుసటి ఏడాది బయటపడింది.

కొందరిలో పుట్టుకతోనే ఈ గేటు దగ్గర ఒకదానికి బదులు రెండు దారులుంటాయి. ఒక దారి వేగంగా పంపుతుంది కానీ మళ్లీ సిద్ధం కావడానికి ఎక్కువ టైం తీసుకుంటుంది. రెండోది నెమ్మది, కానీ తొందరగా తేరుకుంటుంది. మామూలుగా వేగం దారిలోనే పని జరిగిపోతుంది, రెండోది ఉన్నట్టే తెలియదు. ఎప్పుడో ఒక దెబ్బ ముందుగా వస్తుంది. అప్పటికి వేగం దారి ఇంకా తేరుకోలేదు కాబట్టి కరెంటు నెమ్మది దారిలో దిగుతుంది. అడుగుకు చేరేసరికి వేగం దారి ఖాళీ అయి ఉంటుంది. కరెంటు అటు నుంచి పైకి ఎక్కుతుంది. పైకి వచ్చేసరికి నెమ్మది దారి ఖాళీ. మళ్లీ కిందికి. ఇక గానుగెద్దులా అక్కడే తిరుగుతుంటుంది. తిరిగిన ప్రతిసారీ గుండె ఒక దెబ్బ కొడుతుంది. నిమిషానికి 150 నుంచి 250 దాకా.

మన వంటింటి ఆవిడకు ఉన్నది చాలావరకు ఇదే. ఇది ఆడవాళ్లలో మగవాళ్ల కంటే దాదాపు రెట్టింపు. భయపెట్టేంత ప్రమాదకరం కాదు, కానీ బతుకును మాత్రం చిన్నది చేస్తుంది. ఒంటరిగా బస్సెక్కాలంటే భయం, పెళ్లికి వెళ్లాలంటే భయం. ‘ఎప్పుడొస్తుందో’ అనే కంగారు నిజంగానే మొదలవుతుంది, దాంతో ‘టెన్షన్ మనిషి’ అన్న ముద్ర ఖాయమవుతుంది.

గానుగను ఆపాలంటే గేటు ఒక్క క్షణం మూతపడాలి. చాలు. ముక్కు, నోరు మూసుకుని బిగబట్టి ముక్కడం పాత పద్ధతి, మెడ గుండా వెళ్లే వేగస్ నరం ద్వారా గేటును నిదానించేలా చేస్తుంది. 2015లో ఇంగ్లాండ్‌లో దీన్ని కొంచెం మార్చి పరీక్షించారు. పేషెంట్ సగం కూర్చుని 15 సెకన్లు గట్టిగా ఊదాలి, ఖాళీ సిరంజిలోకి ఊది పిస్టన్ కదిలేంత బలంగా. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు రెండూ పైకెత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. పాత పద్ధతిలో 17 శాతం మందిలో దడ ఆగితే, కాళ్లెత్తే పద్ధతిలో 43 శాతం మందిలో ఆగింది. పైసా ఖర్చు లేని వైద్యం. అయినా మన క్యాజువాలిటీల్లో చాలాచోట్ల నేరుగా సూది దగ్గరికే వెళ్తారు, ఎందుకో మరి.

ఆ సూది అడినోసిన్. రక్తంలో దాని ఆయుష్షు పది సెకన్లు కూడా ఉండదు. అందుకే నరంలోకి విసిరినట్టు వేగంగా ఎక్కించి, వెనకే సెలైన్ తోస్తారు. మానిటర్ మీద గీత కొన్ని సెకన్లు దాదాపు నిలిచిపోతుంది. ఆ కొన్ని సెకన్లలో ‘చచ్చిపోతున్నాను’ అనిపించడం ఈ మందుతో మామూలే. ఆ సంగతి ముందే చెప్పి, చెయ్యి పట్టుకుని ఇచ్చే నర్సమ్మ విలువ అప్పుడు తెలుస్తుంది. తర్వాత గుండె మళ్లీ లయలో పడుతుంది. ఆ సమయంలో ప్రింటవుతున్న కాగితాన్ని మాత్రం పారేయకూడదు, జబ్బు పేరు దాని మీదే రాసి ఉంటుంది.

శాశ్వత పరిష్కారం అబ్లేషన్. తొడ పైభాగంలోని రక్తనాళం ద్వారా సన్నటి తీగలను గుండెలోకి పంపి, నెమ్మది దారిని వెతికి, రేడియో తరంగాల వేడితో చిన్న మచ్చ పెడతారు. ఛాతీ కోయడం ఉండదు. ఈ రకం దడకు నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. గేటుకు మరీ దగ్గరగా కాలిస్తే గేటే పాడై పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు, అది వందలో ఒకరికి లేదా అంతకంటే తక్కువ. ఏటా రెండుసార్లు, పది నిమిషాలు మాత్రమే దడ వచ్చేవాళ్లు ఈ లెక్క చూసుకుని ‘ఊదుకుంటాను లెండి’ అనుకున్నా తప్పు లేదు.

అదనపు తీగ

కొందరిలో గేటు బాగానే ఉంటుంది కానీ పక్కన గోడకు కన్నం ఉంటుంది. పై గదికీ కింది గదికీ మధ్య పుట్టుకతో మిగిలిపోయిన అదనపు కండర పోగు అది. 1930లో వుల్ఫ్, పార్కిన్‌సన్, వైట్ అనే ముగ్గురు వైద్యులు దీన్ని వర్ణించారు కాబట్టి ఆ పేర్లే మిగిలాయి. ఇది చాలామందిలో మామూలు ఈసీజీలో కూడా పట్టుబడుతుంది. ముఖ్యమైన గీత నిటారుగా లేవకుండా, మొదట్లో వాలుగా జారుబండలా లేస్తుంది.

ఇక్కడ జాగ్రత్త కావాలి. వీళ్లకు పై గదులు గజిబిజిగా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ తోడైతే, గేటు చేసే వడపోత ఉండదు. వందల దెబ్బలు అదనపు తీగ గుండా నేరుగా కింది గదుల్లోకి దూకుతాయి. ఆ సమయంలో గేటును మూసే మందులు, అంటే వెరపమిల్, డిగాక్సిన్, పైన మెచ్చుకున్న అడినోసిన్ కూడా, ఇస్తే కరెంటంతా ఆ దొడ్డిదారినే పట్టి గుండె ఆగిపోవచ్చు. ఒకరికి ప్రాణదానం చేసే వెరపమిల్ మరొకరికి విషమయ్యేది ఇక్కడే.

ఈ తీగను మొదటిసారి కత్తిరించింది 1968లో, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో. పేషెంట్ ఒక జాలరి. అప్పుడు ఛాతీ తెరిచి చేశారు. 1990ల మొదట్లో రేడియో తరంగాల అబ్లేషన్ వచ్చాక ఆ పెద్ద ఆపరేషన్ దాదాపు కనుమరుగైంది.

వెరపమిల్ కథకు ఇంకో మలుపుంది. కింది గదుల నుంచి పుట్టే దడకు సాధారణంగా ఈ మందు ఇవ్వకూడదు, బీపీ పడిపోతుంది. కానీ ఎడమ కింది గదిలోని తీగల అల్లికలో పుట్టే ఒక ప్రత్యేకమైన దడ, ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో కనిపించేది, అదే వెరపమిల్‌తో తేలిగ్గా ఆగుతుంది. ఈసీజీ ఆకారం గుర్తుపట్టడం వచ్చినవాళ్లు మాత్రమే ఆ ధైర్యం చెయ్యగలరు.

పరిగెత్తుతూ పడిపోయిన పిల్లలు

ఇంతవరకు చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఇబ్బంది పెట్టేవే. ఇప్పుడు చెప్పేవి అరుదు, కానీ వీటి దగ్గర పొరపాటు చేయకూడదు.

పన్నెండేళ్ల పిల్లవాడు కబడ్డీ ఆడుతూ పడిపోయాడు. ఒళ్లు బిగుసుకుంది, నిమిషంలో లేచాడు. ‘ఫిట్స్’ అన్నారు. మెదడు పరీక్ష ఈఈజీ తీశారు, మూర్ఛ మాత్రలు మొదలుపెట్టారు. ఆరు నెలల తర్వాత మెట్ల మీద పరిగెడుతూ మళ్లీ పడిపోయాడు. మెదడుకు కొన్ని సెకన్లు రక్తం అందకపోయినా ఒళ్లు బిగుసుకుంటుంది, కాళ్లు చేతులు కొట్టుకుంటాయి. చూసేవాళ్లకు అది అచ్చం మూర్ఛే. అందుకే పడిపోయినప్పుడు వాడేం చేస్తున్నాడన్నది ముఖ్యం. ఆడుతూ, ఈదుతూ, భయపడి, ఏడుస్తూ పడిపోతే ముందు అనుమానం గుండె మీదికి వెళ్లాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే, లేదా ఈత వచ్చినవాడు బావిలో మునిగిపోయి ఉంటే, ఆ సంగతి డాక్టర్ అడక్కపోయినా చెప్పాలి.

ఈ పిల్లవాడికి ఉండగలిగే జబ్బుల్లో ఒకదాని పేరు సీపీవీటీ. గుండె కణాల లోపల కాల్షియం నిలవచేసే సంచీకి లీకేజీ. విశ్రాంతిగా ఉంటే ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్, అన్నీ నార్మల్. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి అడ్రినలిన్ పెరిగితేనే తప్పు దెబ్బలు మొదలవుతాయి. ఒక దెబ్బ పైకి, ఒక దెబ్బ కిందికి, మార్చి మార్చి వచ్చే ఆ గీతను ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. చికిత్స నాడోలాల్, ప్రొప్రనోలాల్ లాంటి బీటా బ్లాకర్లు, అవసరమైతే ఫ్లెకైనైడ్. షాక్ ఇచ్చి ప్రాణం కాపాడే ఐసీడీ పరికరం పెట్టేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ షాక్ నొప్పికీ భయానికీ అడ్రినలిన్ ఇంకా పెరుగుతుంది. దాంతో మళ్లీ దడ, మళ్లీ షాక్. అందుకే ఈ జబ్బులో మందులు సరిగ్గా వేసుకోవడమే ముందు, పరికరం తర్వాత.

రెండోది లాంగ్ క్యూటీ. దెబ్బ కొట్టాక గుండె మళ్లీ చార్జ్ కావడానికి పట్టే టైం, ఈసీజీలో దాన్నే క్యూటీ అంటారు, పెరగడం దీని లక్షణం. సుమారు రెండు వేల మందిలో ఒకరికి పుట్టుకతో ఉంటుందని అంచనా. ఒక రకంలో ఈత, పరుగు ప్రమాదం. మరో రకంలో అలారం మోత, ఫోన్ రింగు లాంటి హఠాత్ శబ్దాలు. ఇంకో రకంలో నిద్ర. మూడింటికీ మూడు వేర్వేరు జన్యువులు.

ఇందులో మన తెలుగిళ్లకు సంబంధించిన సంగతి ఒకటుంది. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే వైద్యులు ఒకే ఇంట్లో పుట్టుకతో వినపడని నలుగురు పిల్లల గురించి రాశారు. ఆ పిల్లలు స్పృహ తప్పి పడిపోయేవారు, ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు. ఆ పొడవైన క్యూటీకీ చెవుడుకూ కారణం ఒకటే జన్యులోపం, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే ఈ జబ్బు. మేనరికాల్లో అలా కలిసే అవకాశం పెరుగుతుంది. ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. పుట్టుకతో వినపడని పిల్లలకు మన రెండు రాష్ట్రాల్లోనూ కాక్లియర్ ఇంప్లాంట్లు చేయిస్తున్నారు. అలాంటి పిల్లలకు ఆపరేషన్ ముందు ఈసీజీ తీసి క్యూటీని స్కేలుతో కొలవడం పది నిమిషాల పని. మెషీన్ అచ్చు వేసిన అంకెను నమ్మి వదిలేయకూడదు.

పుట్టుకతో ఏమీ లేకపోయినా మందులతో క్యూటీ పొడవు కావచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే వాటిలోనే ఉన్నాయవి: అజిత్రోమైసిన్, డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్, ఫ్లూకొనజోల్. విడిగా, మంచి గుండెకు వేసుకుంటే చాలావరకు ఏమీ కాదు. కానీ వాంతులు, విరేచనాలతో పొటాషియం పడిపోయిన మనిషికి వీటిలో రెండు మూడు కలిపి ఇస్తే సంగతి వేరు.

గుండె లయ తప్పించి నిద్రలోనే ప్రాణం తీయగల మరో జబ్బు, బ్రుగాడా గురించి రెండు ముక్కలు. 1992లో స్పెయిన్‌కు చెందిన అన్నదమ్ములు పెద్రో, జోసెప్ బ్రుగాడా ఎనిమిది మంది పేషెంట్లతో దీన్ని లోకానికి చెప్పారు. నిద్రలోనే ఆరోగ్యవంతులైన మగవాళ్లు పోవడం ఫిలిప్పీన్స్, థాయిలాండ్ పల్లెల్లో ఎప్పటి నుంచో తెలుసు, వాళ్ల భాషల్లో దానికి పేర్లు కూడా ఉన్నాయి. ఈ జబ్బున్నవాళ్ల ఈసీజీ ఒకరోజు నార్మల్, మరోరోజు కాదు. జ్వరం వస్తే ముసుగు తొలగుతుంది. కాబట్టి వీళ్లు జ్వరాన్ని ‘రేపు చూద్దాం’ అనకూడదు, వెంటనే పారాసిటమాల్ వేసుకుని ఈసీజీ తీయించుకోవాలి.

ఒకే మాత్ర, మూడు ముఖాలు

సీపీవీటీలో పిల్లల్ని కాపాడే ఫ్లెకైనైడ్ పేరు ఇందాక విన్నాం. బ్రుగాడా అనుమానమున్నప్పుడు అదే మందును ఆసుపత్రిలో మానిటర్ పెట్టి ఎక్కిస్తారు, దాగిన గీతను బయటికి లాగడానికి. అంటే అక్కడ అది మందు కాదు, పరీక్ష. మూడో ముఖం 1989లో బయటపడింది. గుండెపోటు వచ్చిన తర్వాత తప్పు దెబ్బలు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇలాంటి మందులిస్తే దెబ్బలు చక్కగా తగ్గాయి, కాగితం శుభ్రపడింది. కానీ ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్ల కంటే అసలు మందు వేసుకున్నవాళ్లే ఎక్కువ మంది చనిపోయారు. ‘కాస్ట్’ అనే ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అప్పటిదాకా ఎంతోమంది డాక్టర్లు మంచి ఉద్దేశంతో ఆ మందులు రాశారన్నది గుర్తు చేసుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అందుకే హోల్టర్‌లో ‘రోజుకు ఐదువందల ఎక్టోపిక్స్’ (అంటే తప్పు దెబ్బలు) అని చూసి కంగారుపడి వచ్చిన మనిషికి, గుండె మిగతా అంతా బాగుంటే, చాలాసార్లు మందు రాయరు. గుండె ఒక దెబ్బ తప్పినట్టు అనిపించడం, తర్వాత దభీమని ఒకటి కొట్టడం, ఇది దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. మొత్తం దెబ్బల్లో పది, ఇరవై శాతం అవే అయితే గుండె కండరం నీరసించే అవకాశం ఉంది, అప్పుడు ఆలోచించాలి.

హైదరాబాద్ చెప్పిన సంగతి

పుట్టుకతో తీగలు బాగానే ఉండి, మధ్యలో ఎవరో పాడుచేస్తే? గుండెపోటు మచ్చ లేదు, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి, గుండె పంపింగ్ బాగుంది. అయినా కింది గదుల నుంచి ప్రమాదకరమైన దడ పదేపదే వస్తోంది. అబ్లేషన్ చేస్తే కొన్నాళ్లకు మరోచోట నుంచి మొదలవుతోంది. ఇలాంటివాళ్లను వెంటాడి చూసిన హైదరాబాద్ కేర్ ఆసుపత్రి వైద్యులు, డాక్టర్ కలంబూర్ నరసింహన్ బృందం, 2011లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ఒక సంగతి రాశారు. ఈ పేషెంట్లలో కొందరికి గుండె కండరంలో వాపు మచ్చలున్నాయి, వాటితోపాటు ఛాతీ మధ్యలో లింఫ్ గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. గుండె నుంచి ముక్క తీయడం కష్టం, తీసినా మచ్చ ఉన్నచోటే తగులుతుందన్న నమ్మకం లేదు. గ్రంథి నుంచి తీయడం తేలిక. తీసి చూస్తే గ్రాన్యులోమాలు, అంటే కణాలు గుమిగూడి కట్టిన చిన్న చిన్న గడ్డలు. కొందరిలో కారణం సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు, కొందరిలో క్షయ.

క్షయ అంటే మనకు దగ్గు, ఊపిరితిత్తులు, కఫం పరీక్ష. అది గుండెలో కూర్చుని కరెంటు దారి తప్పిస్తుందని ఎవరనుకుంటారు? పైన చెప్పిన అబ్లేషన్, ఐసీడీ వీళ్లకూ అవసరం పడవచ్చు, కానీ లోపల మంట రగులుతుండగా తీగలు మాత్రమే సరిచేస్తే లాభం తక్కువ. ఇక్కడ కూడా మొదటి సమస్య పేరు తేల్చడమే. సార్కాయిడోసిస్‌కు స్టెరాయిడ్ ఇవ్వాలి. క్షయ ఉన్న మనిషికి క్షయ మందులు లేకుండా స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే జబ్బు విజృంభించవచ్చు. స్కాన్‌లో రెండూ ఒకేలా వెలుగుతాయి. అందుకే మందు చీటీ రాయడానికి ముందు ఆ గ్రంథి ముక్క రిపోర్టు కోసం ఆగుతారు.